"మీ ఇష్టం సార్" అన్నాక ఏం చేయాలి?

అనంతపురం చుట్టుపక్కల ఏ ఊళ్లోనైనా ఒక పెద్దావిడ పక్కన కూర్చుని "ఏం చేద్దామనుకుంటున్నావవ్వా?" అని అడిగి చూడండి. చాలాసార్లు వచ్చే జవాబు ఒక్కటే. "మీ ఇష్టం సార్, మీరెట్ల చెప్తే అట్ల." సోషల్ వర్కర్‌గా చేరిన కొత్తలో ఆ మాట వినగానే ఫైల్లో 'అంగీకరించారు' అని రాసేసేవాణ్ని. ఆవిడ దేనికీ ఒప్పుకోలేదని, నన్ను మర్యాదగా సాగనంపిందని తెలియడానికి చాలా కాలం పట్టింది.

వయసు మళ్లినవాళ్లు, వైకల్యం ఉన్నవాళ్లు, మానసిక అనారోగ్యంతో మందులు వాడుతున్నవాళ్లు తమ సంగతి తామే తేల్చుకునేలా సాయం చేయడం మా పనిలో సగం. అదెట్లాగో నాకు తెలిసినంత చెప్తాను. గ్రామ సచివాలయంలో వెల్ఫేర్ అసిస్టెంట్లకు, ఆశా కార్యకర్తలకే కాదు, ఇంట్లో అలాంటి మనిషి ఉన్న ఎవరికైనా పనికొస్తుంది.

ముందు తోడొచ్చినవాళ్లను జిరాక్స్‌కు పంపండి

ప్రశ్న మనిషిని అడిగితే జవాబు కొడుకు చెప్తాడు, లేదా కోడలు చెప్తుంది. వాళ్ల మీద కోప్పడితే పని చెడుతుంది. "ఆధార్ జిరాక్స్ రెండు కాపీలు కావాలప్పా" అని పంపేయండి. ఎలాగూ కావలసినవే కాబట్టి అబద్ధమూ కాదు. ఆ పది నిమిషాల్లో కుర్చీ దగ్గరికి జరుపుకుని, ఆవిడ మంచం మీద ఉంటే మీరూ ఆ ఎత్తుకే కూర్చుని, ముందు వేరే సంగతులు మాట్లాడండి. వానలు, శెనక్కాయ పంట, బెంగళూరులో ఉన్న మనవడు.

భాష కూడా చూసుకోవాలి. మడకశిర, రాయదుర్గం వైపు చాలా ఇళ్లలో కన్నడం, కడప, కర్నూలు బస్తీల్లో ఉర్దూ, తండాల్లో లంబాడీ మాట్లాడతారు. తెలుగు వచ్చినా, భయపడే విషయాన్ని మనిషి తన ఇంటి భాషలోనే చెప్పగలదు. మాట మార్చి చెప్పడానికి ఎవరినైనా పిలిస్తే, ఆ నిర్ణయంలో లాభం ఉన్నవాళ్లను మాత్రం పిలవొద్దు. ఇది నా సొంత చాదస్తం కాదు. 2016 వికలాంగుల హక్కుల చట్టం 13వ సెక్షన్‌లోనే ఉంది: డబ్బు, ఆస్తి వ్యవహారంలో సాయం చేసే మనిషికి సొంత ప్రయోజనం అడ్డొస్తే, ఆ వ్యవహారం వరకు సాయం నుంచి తప్పుకోవాలి.

పెద్ద ప్రశ్నను ముక్కలు చేయండి

"ఆపరేషన్‌కు ఒప్పుకుంటావా?" అంటే ఎవరైనా ఏం చెప్తారు? షుగర్ వల్ల కాలి వేళ్లు నల్లబడి వచ్చిన ఒక రైతుకు డాక్టర్ వేళ్లు తీసేయాలన్నారు. ఆయన నాలుగు రోజులు గోడ వైపు తిరిగి పడుకున్నాడు. ఐదో రోజు ప్రశ్నను విడగొట్టి అడిగాను. తీస్తే ఎన్ని రోజులు ఆసుపత్రిలో ఉండాలి, తీయకపోతే ఎంతవరకు పాకుతుంది, ఎన్టీఆర్ వైద్య సేవలో ఏమేం వస్తాయి, పక్కన ఎవరుంటారు, చెప్పులు ఎట్ల వేసుకోవాలి. ఆయన భయం చివరికి ఎక్కడ తేలిందంటే, ఇంట్లో రెండు గేదెలున్నాయి, వాటికి మేత వేసేవాళ్లు లేరు. గేదెల సంగతి తేలాక ఆపరేషన్ సంగతి ఆయనే మొదలుపెట్టాడు.

"అర్థమైందా?" అని అడగొద్దు. "అయ్యింది సార్" అనే వస్తుంది. దాని బదులు "ఇంటికి పోయినాక మీ ఇంటామెకు ఎట్ల చెప్తావు?" అని అడగండి. ఎక్కడ తడబడితే అక్కడ మనం సరిగా చెప్పలేదని లెక్క.

ఇంకో మంచి దారి, అలాంటి ఆపరేషన్ అయిన మనిషినే తీసుకురావడం. కృత్రిమ కాలుతో సైకిల్ తొక్కే ఒకాయన అరగంట కూర్చుంటే, నేను నెల రోజులు చెప్పినా రాని ప్రశ్నలు బయటికొచ్చాయి. అలాంటివాళ్లను ఎక్కడ వెతకాలంటే, అనంతపురం జిల్లా పల్లెల్లో ఆర్డీటీ (రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్ట్ అనే స్వచ్ఛంద సంస్థ) పెట్టించిన వికలాంగుల సంఘాలను ఒకసారి అడగండి.

మాటలతో కుదరకపోతే రుచి చూపించండి

మేధోపరమైన వైకల్యం ఉన్న ఒక అబ్బాయికి ఇరవై మూడేళ్లు. బస్టాండ్ దగ్గర టీ కొట్టులో పని చేస్తానంటాడు. "వానికేం తెలుస్తుంది సార్" అని తల్లి. ఇద్దరినీ వాదించుకోనివ్వకుండా, ముందు రెండు పూటలు పోయి చూద్దామన్నాను. మొదటి పూట గ్లాసులు కడిగాడు, రెండో పూట జనం గోలకు చెవులు మూసుకున్నాడు. అప్పుడు తనే "పొద్దున్నే పోతా, సాయంత్రం వద్దు" అన్నాడు. నేనిచ్చిన ఏ సలహా కంటే కచ్చితమైన నిర్ణయం అది.

డబ్బు విషయమూ అంతే. ఆ అబ్బాయికి వికలాంగుల పింఛను నెలకు 6,000 రూపాయలు. పన్నెండు శెనక్కాయలు బల్ల మీద పెట్టి, ఒక్కోటి ఐదు వందలనుకో అన్నాను. బియ్యానికి ఇన్ని, అమ్మకు ఇన్ని, ఫోన్‌కు ఇన్ని అని వాడే పక్కకు జరిపాడు. లెక్క పూర్తయ్యేలోపు రెండు కాయలు తినేశాడు. ఆ వెయ్యి కూడా ఖర్చు కింద రాయమన్నాను.

ఈ తల్లిదండ్రులను ఇంకో అపోహ పీడిస్తుంటుంది: వైకల్య సర్టిఫికెట్ ఉంటే బిడ్డ సంతకం చెల్లదని, ఖాతా తెరవడానికి కూడా గార్డియన్ కావాలని. ఆ 13వ సెక్షనే చెప్తుంది, వైకల్యం ఉన్నవాళ్లకూ అందరితో సమానంగా ఆస్తి ఉంచుకునే హక్కు, డబ్బు వ్యవహారాలు చూసుకునే హక్కు, బ్యాంకు అప్పు తీసుకునే హక్కు ఉన్నాయని. ఎంత సాయం చేసినా ఆ మనిషి ఏ నిర్ణయమూ తీసుకోలేని పరిస్థితిలోనే 14వ సెక్షన్ కింద పరిమిత గార్డియన్ అనేది వస్తుంది. అప్పుడు కూడా గార్డియన్ ఆ మనిషిని కలుపుకునే నిర్ణయించాలి.

రెండోసారి వెళ్లండి

ఒక్క రోజులో వచ్చిన జవాబును నేను నమ్మను. పింఛను పంచే ఒకటో తేదీన, శెనక్కాయ పీకే రోజుల్లో అసలు వెళ్లను. మానసిక ఆరోగ్యానికి మందులు వాడేవాళ్లు పొద్దున మత్తుగా ఉండి మధ్యాహ్నానికి తేటగా మాట్లాడొచ్చు. తేటగా ఉన్న పూటే అడగాలి. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ఈ విషయంలో స్పష్టంగా ఉంది. నిర్ణయాన్ని నోటితోనే చెప్పాలని లేదు, సైగతో చెప్పినా చెల్లుతుంది. పైగా ఆ నిర్ణయం పక్కవాళ్లకు తప్పుగా కనిపించినంత మాత్రాన ఆ మనిషికి సామర్థ్యం లేదనడానికి వీల్లేదు. రేపు జబ్బు తిరగబెడితే ఏ వైద్యం కావాలో, ఏది వద్దో ముందే రాసిపెట్టుకోవచ్చు, తన తరఫున మాట్లాడే మనిషిని తానే ఎంచుకోవచ్చు. ఈ రెండూ బాగున్న రోజుల్లో చేయించాల్సిన పనులు.

ఎక్కడ ఆగాలి

పద్దెనిమిది నిండని పిల్లకు పెళ్లి కుదిర్చి "పిల్లకు ఇష్టమే సార్" అంటే అక్కడ ఇష్టంతో పనిలేదు, 1098కి ఫోన్ చేయాల్సిందే. ప్రాణాపాయం ఉంటే 112. చచ్చిపోవాలనిపిస్తోందని ఎవరైనా అంటే 14416, పెద్దవాళ్లను ఇంట్లో కొడుతుంటే 14567. ఇలాంటి సంగతి చెప్తే నా దగ్గరే దాచుకోలేనని మాట మొదలుపెట్టినప్పుడే చెప్పేయండి. తర్వాత చెప్తే మోసం చేశారనుకుంటారు, అనుకోవాలి కూడా.

మీకు నచ్చని నిర్ణయం వచ్చినప్పుడు

కష్టమైన భాగం ఇదే. కళ్యాణదుర్గం వైపు ఒక అవ్వకు మూడెకరాలుంది. ఇద్దరు కొడుకులు. పెద్దోడు బెంగళూరులో, చిన్నోడు ఊళ్లోనే, తాగుతాడు. ఇద్దరూ దానసెటిల్‌మెంట్, అంటే బతికుండగానే భూమి దానంగా ఇచ్చేసే పత్రం, రాయమని ఒత్తిడి. వాళ్లేం దుర్మార్గులు కారు, అప్పుల్లో ఉన్నారు. బోర్లు ఎండిపోయిన ఊళ్లో అప్పు లేనివాడెవరు?

అవ్వకు దారులన్నీ వరసగా చెప్పాను. దానసెటిల్‌మెంట్ రిజిస్టర్ అయితే భూమి వాళ్లదైపోతుంది, మనసు మారిందని వెనక్కి తీసుకోవడం కుదరదు. వీలునామా అయితే బతికున్నంతకాలం ఎన్నిసార్లైనా మార్చుకోవచ్చు. ఒకవేళ దానమే ఇవ్వాలనుకుంటే, నన్ను చూసుకోవాలి అనే షరతు పత్రంలోనే రాయించాలి. అప్పుడు 2007 నాటి తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ చట్టం 23వ సెక్షన్ కింద, చూసుకోకపోతే ఆర్డీవో దగ్గరుండే ట్రిబ్యునల్‌లో ఆ పత్రాన్ని రద్దు చేయమని అడగొచ్చు. లాయర్‌కు డబ్బుల్లేవంటే, మహిళ కాబట్టి న్యాయ సేవాధికార సంస్థ ఉచితంగానే పెడుతుంది, 15100కి ఫోన్ చేస్తే చాలు.

నా మనసులో వీలునామానే ఉంది. గొంతులో కూడా అదే వినిపించి ఉంటుంది. ఇది మనం జాగ్రత్తపడాల్సిన చోటు. ఏది ముందు చెప్తామో, దేన్ని వివరంగా చెప్తామో, దాంతోనే మనిషిని తోసేస్తాం. అందుకే రెండోసారి వెళ్లినప్పుడు వరస మార్చి, వీలునామా చివర చెప్పాను.

అవ్వ మూడోసారికి తేల్చింది. ఒక ఎకరా చిన్నోడికి, షరతుతో. రెండెకరాలు తన పేరు మీదే. నేను ఆగలేక "వాడు తాగుతాడు కదవ్వా" అన్నాను. ఆమె నా వైపు చూసి, "వానికి నేనియ్యకపోతే ఎవరిస్తారు నాయనా, నువ్విస్తావా?" అంది. ఇంక నాకు మాట లేదు. పత్రంలో షరతు సరిగా పడిందో లేదో చూడటం ఒక్కటే నా పని.

రాసింది చదివి వినిపించండి

వేలిముద్ర వేయించే ముందు ఫైల్లో రాసింది గట్టిగా చదవాలి. మన మాటలు కాకుండా వాళ్ల మాటలే రాయాలి. అవ్వకు చదివి వినిపించాను: "చిన్న కొడుకుకు ఒక ఎకరా ఇష్టపూర్వకంగా ఇస్తున్నాను."

"ఇష్టంగా అని ఎవరు చెప్పినారు?" అంది.

పెన్ను కింద పెట్టాను. ఎవరైనా బెదిరించారా అని అడిగాను, తలుపు వేసి మళ్లీ అడిగాను.

"బెదిరించేదెవరు నాయనా. కన్నా గదా, తప్పదు. అట్లే రాయి."

'ఇష్టపూర్వకంగా' కొట్టేసి, 'కన్నాను కాబట్టి తప్పక' అని రాశాను. మళ్లీ చదవమంది. చదివాను. అప్పుడు వేలు చాచింది.