చాక్లెట్ పెరుగు మూస్: పలుకులు, జారుడు, పులుపు

మూస్ అంటే చెంచాతో తినే మెత్తటి, చల్లటి తీపి వంటకం. ఓవెన్ అవసరం లేని ఈ మూస్‌కు 100 గ్రాముల డార్క్ చాక్లెట్, 200 గ్రాముల నీరు తీసిన చిక్కటి పెరుగు, తీపి కావాలంటే కాస్త పంచదార పొడి చాలు. కరిగించి, కలిపి, రెండు గంటలు ఫ్రిజ్‌లో పెట్టడమే. చెడిపోయిందని అడిగేవాళ్లలో చాలామంది ముందు చాక్లెట్‌ను అనుమానించి కొత్త బ్రాండు కొంటారు. పెరుగులో మాత్రం వేలు పెట్టి చూడరు. దయచేసి ముందు ఆ పని చేయండి.

సమస్య: మూస్ నిండా నల్లటి పలుకులు

ఒక పలుకును నాలుక మీద పెట్టుకోండి. నమలకుండానే కరిగిపోతే అది గడ్డకట్టిన చాక్లెట్. కరకరలాడితే పంచదార, మెత్తగా పొడి చేయలేదన్నమాట. ఎంతసేపటికీ కరగకపోతే పెరుగే విరిగింది, చాక్లెట్ మరీ వేడిగా పోశారు.

దాదాపు ఎప్పుడూ మొదటిదే అవుతుంది. చాక్లెట్‌లోని కోకో బటర్, అంటే కోకో గింజల కొవ్వు, సుమారు 34 డిగ్రీల దగ్గర కరుగుతుంది. ఫ్రిజ్‌లోంచి తీసిన పెరుగు తగిలితే కలిసేలోపే గడ్డకడుతుంది. ఇది తెలిసినవాళ్లు కూడా "అరగంట బయట పెట్టాను కదా" అంటారు. మోసమంతా అక్కడే ఉంది. నీరు తీసిన పెరుగు ముద్దగా ఉంటుంది కనుక లోపలికి వెచ్చదనం చేరడానికి చాలాసేపు పడుతుంది. గిన్నె అంచు, పైపొర చేతికి మామూలుగానే తగులుతాయి. నడుమ మాత్రం ఇంకా ఫ్రిజ్ చల్లదనమే ఉంటుంది. గరిటె తిప్పగానే ఆ చల్లటి భాగం పైకొచ్చి చాక్లెట్‌ను గడ్డకట్టిస్తుంది.

అందుకే పెరుగును వెడల్పాటి పళ్లెంలో పరిచి గంటసేపు ఉంచండి, మధ్యలో ఒకసారి తిరగేయండి. వేలు నడుమ పెట్టి చూడండి, అంచున కాదు. చలికాలమైతే గిన్నెను గోరువెచ్చటి నీళ్లలో ఉంచి కలియబెట్టండి. చాక్లెట్ వేలికి వెచ్చగా ఉండాలి, కాలకూడదు. కలిపే వరుస కూడా ముఖ్యమే. చాక్లెట్ గిన్నెలోకి మొదట రెండు చెంచాల పెరుగే వేసి నునుపుగా మెరిసేదాకా కలపండి. ముందు ముద్దకట్టినట్టు కనిపిస్తుంది, ఆపకండి. మిగతాది ఆ తర్వాత విడతలుగా వేయండి. పెరుగు మొత్తంలోకి చాక్లెట్‌ను సన్నటి ధారగా పోస్తే ఆ ధార ఇంకా త్వరగా చల్లారిపోతుంది.

పలుకులు పడ్డా పారబోయవద్దు. పొయ్యి మీంచి దించిన వేడినీళ్ల పైన గిన్నె ఉంచి నెమ్మదిగా తిప్పండి. పలుకులు కరగగానే తీసేయండి. అంతకు మించి వేడెక్కి పెరుగు విరిగిందంటే దానికి మందు లేదు.

సమస్య: గట్టిపడకుండా జారుతోంది

పెరుగులో నీరు పోలేదు. లీటరు పెరుగును గుడ్డలో కట్టి ఉంచితే సుమారు సగానికి రావాలి, చెంచా గుచ్చితే నిలబడాలి. నీరు సరిగ్గానే పోయిందంటారా? అయితే మిక్సీలో తిప్పి ఉంటారు. అలా తిప్పితే పెరుగు కట్టు విడిపోయి పలుచబడుతుంది, గరిటెతోనే కలపండి. పంచదార ఎక్కువైనా పలుచబడుతుంది. మిల్క్ చాక్లెట్ అయితే 150 గ్రాములు వేయండి.

సమస్య: పులుపు

వేసవిలో పెరుగు మూటను కుళాయికి వేలాడదీసి సాయంత్రందాకా వదిలేస్తే పులవక ఏమవుతుంది? జల్లెడలో పెట్టి, కింద గిన్నె ఉంచి, ఫ్రిజ్‌లోనే నీరు తీయండి. కొత్తగా తోడుకున్న పెరుగే వాడండి.

నోట్లో మైనంలా అంటుకుంటే ప్యాకెట్ వెనక చదవండి. కోకో బటర్ బదులు హైడ్రోజనేటెడ్ వెజిటబుల్ ఫ్యాట్ అని ఉంటే అది కాంపౌండ్ చాక్లెట్. కేకు మీద పూతకు బాగుంటుంది, దీనికి వద్దు.

ఇక అరుదైనవి. చాక్లెట్ మీద తెల్లటి పూత ఉంటే కరిగించగానే పోతుంది. కరిగేటప్పుడే ముద్దకట్టిందంటే నీటిచుక్క పడింది, రెండు చెంచాల వేడి పాలు కలిపితే దారికొస్తుంది. మర్నాడు పైన కాస్త నీరు తేలితే ఒంపేసి తినండి.