అమెరికాలో సెలవుల ప్రయాణానికి ముందు పాత ట్రాఫిక్ టికెట్ల లెక్క తేల్చుకోండి

నవంబరు చివర్లో వచ్చే థ్యాంక్స్‌గివింగ్ నుంచి జనవరి మొదటి వారం దాకా మన విద్యార్థులు నలుగురైదుగురు కలిసి ఒక కారు తీసుకుని రాష్ట్రాలు దాటి తిరిగే కాలం. దారిలో పోలీసు ఆపితే ఏముంది, టికెట్ రాస్తాడు, డబ్బు కట్టేస్తాం అనుకుంటారు. చాలాసార్లు అంతే జరుగుతుంది. ప్రమాదం ఆ రోజు రాసిన టికెట్‌తో రాదు. ఎప్పుడో పడి, కట్టకుండా వదిలేసిన టికెట్‌తో వస్తుంది. మీ లైసెన్సు పట్టుకుని పోలీసు తన కారులోకి వెళ్ళి చూసేవాటిలో మీ పేరు మీద వారంట్ ఉందా లేదా అన్నది ముఖ్యమైనది.

టికెట్ వారంట్‌గా ఎలా మారుతుందో ముందు అర్థం చేసుకోవాలి. టికెట్ మీద సంతకం పెడితే తప్పు ఒప్పుకున్నట్టు కాదు, ఫలానా తేదీలోగా కోర్టుకు జవాబు చెప్తానని మాట ఇచ్చినట్టు. ఆ తేదీ దాటితే అసలు స్పీడు కేసుకు తోడు కోర్టుకు రాలేదన్న కేసు కూడా పడవచ్చు, జడ్జి వారంట్ ఇవ్వవచ్చు. హాజరై కూడా జరిమానా కట్టకపోతే టెక్సస్‌లో ‘కేపియాస్’ అనే ఇంకో రకం వారంట్ రావచ్చు. కోర్టు పంపిన ఉత్తరాలేమో పాత అపార్ట్‌మెంట్ పెట్టెలో పడుతుంటాయి. లీజు మారినప్పుడల్లా గది మారతాం, లైసెన్సు మీద చిరునామా మాత్రం మార్చం. మన పిల్లల్లో ఎక్కువమంది ఇక్కడే దొరికిపోతారు. టెక్సస్‌లో 30 రోజుల్లో, కాలిఫోర్నియాలో 10 రోజుల్లో లైసెన్సు చిరునామా మార్చుకోవాలి. ఎఫ్‌1 వీసా విద్యార్థులైతే కాలేజీ ఇంటర్నేషనల్ ఆఫీసుకూ 10 రోజుల్లో చెప్పాలి. ఒకటి చేస్తే రెండోది దానంతట అదే మారదు.

జార్జియాలో ఇంకో చిక్కుంది. ఏ రోడ్డు మీదైనా గంటకు 85 మైళ్ళు, రెండు లేన్ల రోడ్డు మీద 75 మైళ్ళు లేదా అంతకంటే ఎక్కువ పోతే టికెట్ జరిమానా కాక ‘సూపర్ స్పీడర్’ ఫీజని 200 డాలర్లు వేరే పడుతుంది. ఆ నోటీసు టికెట్ కట్టేశాక పోస్టులో వస్తుంది. అంతా అయిపోయిందనుకున్నవాళ్ళు దాన్ని చూడరు. 120 రోజుల్లో కట్టకపోతే లైసెన్సు సస్పెండ్ అవుతుంది. ఆ తర్వాత కారు నడుపుతూ దొరికితే అది టికెట్‌తో పోయే సంగతి కాదు, అరెస్టు దాకా వెళ్తుంది. వర్జీనియాలో 85 మైళ్ళు దాటినా, లిమిట్ కంటే 20 మైళ్ళు ఎక్కువ పోయినా ‘రెక్‌లెస్ డ్రైవింగ్’ కింద క్రిమినల్ కేసే. జరిమానా ఎంతన్నది కాదు, రికార్డులో నేరంగా మిగలడం పెద్ద విషయం.

బయల్దేరడానికి కనీసం మూడు వారాల ముందు కూర్చుని వెతకండి. టికెట్ మీద ఏ కోర్టు పేరుంటే ఆ సిటీ లేదా కౌంటీ కోర్టు వెబ్‌సైట్‌లోకి వెళ్ళి టికెట్ నంబరుతో చూడండి. టికెట్ పోతే లైసెన్సు నంబరు, పుట్టిన తేదీతో చూడవచ్చు. పేరుతో వెతికేటప్పుడు మన పేర్లతో తంటా ఉంది. ఇంటిపేరు ముందు పెట్టి ఒకసారి, వెనక పెట్టి ఒకసారి వెతకాలి. పాస్‌పోర్టులో ఇంటిపేరు గడి ఖాళీగా ఉన్నవాళ్ళకు వీసా మీద ‘ఎఫ్‌ఎన్‌యూ’ (ఫస్ట్ నేమ్ అన్‌నోన్) అని పడుతుంది, లైసెన్సులోకి కూడా అదే రావచ్చు. వాళ్ళు ఆ అక్షరాలతో కూడా వెతకాలి. ఒక స్పెల్లింగుతో ఏమీ కనపడలేదని నిశ్చింతగా ఉండకండి, కోర్టు క్లర్కుకు ఫోన్ చేసి అడగండి.

ఇంకా గడువుంటే పని సులువు. టెక్సస్ లైసెన్సు ఉండి, గత 12 నెలల్లో ఆ అవకాశం వాడుకోకపోతే, లిమిట్ కంటే 25 మైళ్ళ లోపు స్పీడు కేసును డిఫెన్సివ్ డ్రైవింగ్ కోర్సుతో కొట్టేయించుకునే వీలుంది. కానీ టికెట్ మీదున్న తేదీలోపే కోర్టును అడగాలి. ఇండియా లైసెన్సు మీద నడుపుతుంటే ఈ వీలు లేదు. వారంట్ ఇప్పటికే వచ్చి ఉంటే మాత్రం కారు తీయకండి. ఆ కౌంటీలోనే పనిచేసే ట్రాఫిక్ లాయరును పట్టుకుంటే చాలా కేసుల్లో బాండు కట్టి వారంట్ ఎత్తేయించి కొత్త తేదీ తెస్తారు. ఇదే సమయంలో ‘నీ మీద వారంట్ ఉంది, గిఫ్ట్ కార్డులతో కట్టు’ అంటూ ఫోన్ వస్తే అది మోసమే. ఏ కోర్టూ గిఫ్ట్ కార్డులు తీసుకోదు. ఫోన్ పెట్టేసి, కోర్టు నంబరు మీరే వెతికి అడగండి.

స్నేహితుడి కారు తీసుకెళ్తుంటే అతని లైసెన్సు బతికే ఉందా అని అడగడానికి మొహమాటపడకండి. నంబరు ప్లేటు చూసి, ఓనరు లైసెన్సు రద్దయిందని తెలిస్తే, నడిపేది ఓనరే అనుకుని పోలీసు ఆపవచ్చని 2020లో కాన్సస్ వర్సెస్ గ్లోవర్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. అద్దె కారైతే అగ్రిమెంట్‌లో పేరున్నవాళ్ళే నడపాలి.

ఇక కాగితాలు. నడిపేవారి దగ్గర లైసెన్సు, కారు రిజిస్ట్రేషన్, ఇన్సూరెన్స్ కార్డు ఉండాలి. వాటిని గ్లోవ్‌బాక్స్ అడుగున కాకుండా సన్‌వైజరుకు పెట్టుకోండి. రాత్రిపూట గ్లోవ్‌బాక్స్‌లో చెయ్యి పెట్టి వెతుకుతుంటే పోలీసుకు తుపాకీ భయమే ముందు కలుగుతుంది. 18 ఏళ్ళు నిండిన విదేశీయులంతా తమ రిజిస్ట్రేషన్ కాగితం ఎప్పుడూ వెంట ఉంచుకోవాలని ఫెడరల్ చట్టం. అంటే గ్రీన్ కార్డు, ఈఏడీ (పని అనుమతి కార్డు), లేదా ఐ-94 (దేశంలోకి వచ్చిన రికార్డు). వెనక సీట్లో కూర్చున్నవాళ్ళకూ ఇది వర్తిస్తుంది. ఐ-94ను ప్రింటు తీసుకోండి, ఫోన్‌లో ఉందిలే అని వదిలేస్తే చార్జింగ్ అయిపోయిన రోజే అవసరం పడుతుంది. విద్యార్థులు దానితో పాటు కాలేజీ ఇచ్చిన ఐ-20 కాపీ కూడా పెట్టుకోవాలి.

మెక్సికో సరిహద్దు వైపు వెళ్తే పాస్‌పోర్టు కూడా తీసుకెళ్ళమనే మా సలహా. టెక్సస్‌లోని సౌత్ పాడ్రే ఐలండ్ నుంచి వెనక్కి వచ్చేటప్పుడు హైవే 77 మీద సరీటా దగ్గర, 281 మీద ఫాల్ఫూరియస్ దగ్గర బోర్డర్ పెట్రోల్ చెక్‌పోస్టులున్నాయి. న్యూమెక్సికోలో వైట్ శాండ్స్ చూసి లాస్ క్రూసెస్ వైపు వచ్చే దారిలోనూ ఒకటుంది. అక్కడ ఏ అనుమానం లేకుండానే ప్రతి కారునూ ఆపి అడగవచ్చు, 1976 నుంచి సుప్రీంకోర్టు దానికి ఒప్పుకుంది.

వెనక పోలీసు కారు లైట్లు వెలిగితే సిగ్నల్ ఇచ్చి, నెమ్మదించి, కుడివైపు రోడ్డు అంచున షోల్డర్ మీద ఆపండి. చీకటిగా ఉన్నా, గుర్తుల్లేని కారు ఆపుతున్నా హజార్డ్ లైట్లు వేసి, నెమ్మదిగా వెలుతురున్న చోటికి వెళ్తూ 911కి ఫోన్ చేసి అది నిజంగా పోలీసు కారేనా అని అడగవచ్చు. ఆగాక ఇంజన్ ఆపి, లోపలి లైటు వేసి, అద్దం దించి, రెండు చేతులూ స్టీరింగ్ మీద పెట్టండి. మన ఊళ్ళో బండి దిగి పోలీసు దగ్గరికి నడిచి వెళ్ళి ‘సార్’ అంటాం. అక్కడ అలా దిగి ఎదురెళ్తే దాడికి వస్తున్నారనుకుంటారు. దిగమన్నప్పుడే దిగండి. దిగమంటే మాత్రం దిగి తీరాలి, డ్రైవరైనా పక్కన కూర్చున్నవారైనా.

‘ఎందుకు ఆపానో తెలుసా?’ అన్న ప్రశ్నకు ‘ఎయిటీలో వెళ్తున్నాను, సారీ’ అనేస్తే అది ఒప్పుకోలుగా టికెట్ మీదికెక్కుతుంది. ‘నో, ఆఫీసర్’ చాలు. కారు వెతకొచ్చా అని అడిగితే ‘ఐ డోంట్ కన్సెంట్ టు ఎ సెర్చ్’ అని మెల్లగా చెప్పండి, చేత్తో అడ్డుపడకండి. ఫోన్ లోపల చూడాలంటే అరెస్టయ్యాక కూడా కోర్టు వారంట్ కావాలి, 2014 నాటి రైలీ తీర్పు అదే. లైసెన్సు, రిజిస్ట్రేషన్, ఇన్సూరెన్స్, వారంట్ చూడటం టికెట్ పనిలో భాగమే. ఆ పని అయ్యాక కారణం లేకుండా మత్తుమందులు వాసన పట్టే కుక్క కోసం ఆపి ఉంచకూడదని 2015లో రోడ్రిగేజ్ కేసులో చెప్పారు. టికెట్ చేతికొచ్చాక ‘యామ్ ఐ ఫ్రీ టు గో?’ అని అడగండి.

నడిచి వెళ్తుంటే ఆపినప్పుడు రాష్ట్రానికో రూలు. అనుమానం మీద ఆపితే నెవాడా, అరిజోనాలో పేరు చెప్పాలి. టెక్సస్‌లో అరెస్టు కాకముందు పేరు చెప్పకపోవడం నేరం కాదు, తప్పుడు పేరు చెప్పడం నేరం. వారంట్ భయంతో రూమ్మేట్ పేరు చెప్పినవాళ్ళు చిన్న కేసును పెద్దది చేసుకుంటారు. అమెరికా పౌరుణ్ణని మాత్రం ఏ పరిస్థితిలోనూ అనకండి, ఇమిగ్రేషన్ దారి శాశ్వతంగా మూసుకుపోయే మాట అది. పోలీసు ఆపడమే తప్పని కోర్టులో తేల్చుకోవచ్చులే అనే ధీమా కూడా పనికిరాదు. ఆపడం చట్టవిరుద్ధమైనా, మీ పేరు మీద ముందే వారంట్ ఉంటే ఆ అరెస్టులో దొరికిన సాక్ష్యం చెల్లుతుందని 2016లో యూటా వర్సెస్ స్ట్రీఫ్ తీర్పు.

అరెస్టు చేస్తే ఎదురాడకండి. ‘ఐ వాంట్ ఎ లాయర్’ అని చెప్పి ఆపేయండి. జైలు ఫోన్లు రికార్డవుతాయి, ఇంటికి ఫోన్ చేసినా తెలుగులో అయినా కేసు సంగతి మాట్లాడకండి. ఒకరిద్దరి నంబర్లు నోటికి వచ్చి ఉండాలి. ఇండియన్ కాన్సులేట్‌కు చెప్పమని మీరే అడగాలి, అడగకపోయినా పోలీసులు తమంతట తామే చెప్పాల్సిన దేశాల జాబితాలో ఇండియా లేదు. వేలిముద్రలు తీసుకుంటే అవి ఎఫ్‌బీఐ ద్వారా ఇమిగ్రేషన్ చూసే హోమ్‌ల్యాండ్ సెక్యూరిటీకీ చేరతాయి. తాగి నడిపారన్న అరెస్టుతోనే, తీర్పు రాకముందే, వీసా స్టాంపు రద్దయినవాళ్ళున్నారు. 2025 ఏప్రిల్‌లో పాత ట్రాఫిక్ కేసులున్న విద్యార్థుల సెవిస్ (విదేశీ విద్యార్థుల మీద ప్రభుత్వం ఉంచే జాబితా) రికార్డులు కూడా పెద్ద సంఖ్యలో మూసేసి, కోర్టు కేసులు పడ్డాక తిరిగి తెరిచారు. అందుకే ‘చిన్నదే, ఒప్పేసుకో’ అని ఎవరన్నా, ఇమిగ్రేషన్ లాయరును అడగకుండా ఒప్పుకోవద్దు. కేసు ముగిశాక కోర్టు ముద్ర ఉన్న సర్టిఫైడ్ డిస్పోజిషన్ (కేసు ఎలా ముగిసిందో చెప్పే కాగితం) రెండు మూడు కాపీలు తీసుకుని దాచండి. వీసా దరఖాస్తు డీఎస్-160లో అరెస్టయ్యారా అనే ప్రశ్న ప్రతిసారీ ఉంటుంది. కేసు కొట్టేసినా అరెస్టు జరిగితే ‘అవును’ అనే రాసి, ఇంటర్వ్యూకు ఆ కాగితం తీసుకెళ్ళాలి.