అర్హత ఉన్నా పథకం ఆగిందా? మీ ఒక్కరికే కాదు, వీధంతటికీ సరిచేయించుకోవడం ఎలా?

విజయవాడ సింగ్ నగర్‌లోనో కృష్ణలంకలోనో చిన్న పోర్షన్‌లో అద్దెకుంటారు, ఇంట్లో రెండు ఫ్యాన్లు, ఒక టీవీ. చదువుకునే పిల్లల తల్లులకు ప్రభుత్వం ఇచ్చే తల్లికి వందనం డబ్బులు పడలేదేమని వార్డు సచివాలయంలో అడిగితే, మీ కరెంటు నెలకు 300 యూనిట్లు దాటిందంటారు. ఇక్కడే చాలామంది మన ఖర్మ అనుకుని తిరిగొచ్చేస్తారు. అలా రావద్దు.

ముందు అసలు కారణం తెలుసుకోండి. అర్హత పరిశీలనలో ఆదాయం, భూమి, నాలుగు చక్రాల బండి, ప్రభుత్వ ఉద్యోగం, ఆదాయపు పన్ను, కరెంటు, పట్టణంలో వెయ్యి చదరపు అడుగులు దాటిన ఇల్లు చూస్తారు. వీటిలో మీది దేని దగ్గర ఆగిందో స్క్రీన్ మీద చూపించమనండి, రాసుకోండి.

కరెంటు అయితే మీ ఆధార్ ఎన్ని మీటర్లకు లింకై ఉందో అడగండి. ఖాళీ చేసి వచ్చిన ఇంటి మీటరు కూడా ఇంకా మీ పేరు మీదే ఉండొచ్చు, అప్పుడు రెండిళ్ల యూనిట్లూ కలిపి మీ లెక్కలో పడతాయి. ఆధార్ జిరాక్స్, ఇప్పుడుంటున్న ఇంటి బిల్లు పట్టుకుని విద్యుత్ ఆఫీసుకెళ్లి పాత లింకు తీసేయమని అర్జీ ఇవ్వండి, ఆ తర్వాత సచివాలయంలో మళ్లీ పరిశీలన పెట్టించండి.

అన్నీ సరిగ్గానే ఉన్నా డబ్బు పడలేదంటే బ్యాంకు ఖాతాకు ఆధార్ లింకు చూసుకోండి.

అక్కడా పని కాకపోతే సోమవారం కలెక్టరేట్‌లో జరిగే అర్జీల కార్యక్రమానికి వెళ్లండి, విజయవాడైనా గుంటూరైనా అంతే. రసీదు లేకుండా మాత్రం బయటికి రాకండి.

ఇప్పుడు అసలు పని. మీ వీధిలో ఇదే కారణంతో ఆగినవాళ్లందరినీ కూర్చోబెట్టి కలెక్టరుకూ ఎమ్మెల్యేకూ ఒకే అర్జీ రాయండి. పేరు తీసే ముందు నోటీసు ఇవ్వాలని, అభ్యంతరం తేలేదాకా ఆపకూడదని, అద్దెకున్నవాళ్ల మీటరును ఇంటికొచ్చి చూడాలని అడగండి. ఆదాయ పరిమితి గురించి కూడా గట్టిగా రాయండి, పట్టణంలో అది కుటుంబం మొత్తానికీ నెలకు 12 వేలు. రోజుకు 500 చొప్పున 25 రోజులు పనికెళ్తే ఒక్క మనిషి కూలే 12,500 అవుతుంది! కూలి పని చేసే ఇంటిని అనర్హం చేసే పరిమితిని పెంచమనడంలో తప్పేముంది?

దాంతోపాటు 2005 సమాచార హక్కు చట్టం కింద, మీ సచివాలయం పరిధిలో కరెంటు కారణంగా ఎన్ని పేర్లు తీశారో, ఎన్ని తిరిగి చేర్చారో అడగండి. మామూలుగా 30 రోజుల్లో జవాబివ్వాలి, దారిద్ర్యరేఖకు దిగువన ఉన్నవాళ్లకు ఫీజు లేదు. ఆ జవాబు జిరాక్స్ జతచేసి, అదే అర్జీ మళ్లీ ఇవ్వండి.