టీవీ క్రిస్మస్ ప్రేమకథల మీద జనం అభిప్రాయాలు చదివి, మన ఇంటికి సరిపోయే సినిమా ఏరుకోవడం ఎట్లా

టీవీ కోసమే తీసిన క్రిస్మస్ ప్రేమకథకు, జనం సినిమాలకు మార్కులు వేసే ఐఎండీబీ సైటులో పదికి ఆరు పడ్డదంటే సినిమా బాగాలేదని అనుకోకండి. ఈ రకం సినిమాల్లో చాలావాటికి ఐదుకూ ఏడుకూ మధ్యనే పడుతుంది. ఆ అంకె పట్టుకుని ఏరబోతే అన్నీ ఒక్కతీరుగనే కనపడతాయి. ఏరుకోవాల్సింది అంకె కింద జనం రాసిన మాటల్లోంచి.

నేను మహబూబ్‌నగర్‌లో ఇంగ్లిష్ టీచర్ని. ఏటా డిసెంబర్‌లో సెమీ క్రిస్మస్ ప్రార్థన అయినంక మా చర్చి స్త్రీల సమాజానికి ఒక సినిమా వేసే పని నాది. హాలు గోడకు తెల్ల దుప్పటి కట్టి, స్కూలు పిల్లల కోసం కొన్న ప్రొజెక్టర్ పెడతాం. చూసేటోళ్లలో ఎనభై దాటిన అవ్వలుంటారు, పదో తరగతి ఆడపిల్లలుంటారు, ముందు వరసలో పాస్టరమ్మ ఉంటుంది. అందరూ కలిసి కూర్చుని చూసేటట్టు ఉండాలె. ఏడాదికి ఒక్క సాయంత్రం వాళ్లంతా వంటా పనీ వదిలి వస్తారు. ఆ సాయంత్రం వృథా కావద్దని అభిప్రాయాలు చదవడానికే రాత్రుళ్లు కూర్చుంటాను.

అభిప్రాయాలు చదివే ముందు ఈ సినిమాలు ఎట్లా తయారవుతాయో కొంచెం తెలుసుకోండి. అది తెలియకపోతే ఏ తప్పు ఆ ఒక్క సినిమాదో, ఏది మొత్తం ఆ రకానిదో తేలదు. గ్రీటింగ్ కార్డుల కంపెనీ హాల్‌మార్క్ 1951 డిసెంబర్ 24న అమెరికా టీవీలో ఒక క్రిస్మస్ ఒపెరాతో తన కార్యక్రమాల వరస మొదలుపెట్టింది. ఇప్పుడు అదే పేరున్న చానల్ 2009 నుంచి ‘కౌంట్‌డౌన్ టు క్రిస్మస్’ అని ఏటా కొత్త సినిమాలు వరసబెట్టి వేస్తోంది. ఈమధ్య అక్టోబర్‌లోనే మొదలుపెడుతున్నారు. లైఫ్‌టైమ్ చానల్, నెట్‌ఫ్లిక్స్ కూడా ఇదే బాటలో ఉన్నాయి. వీటిలో చాలావాటి షూటింగ్ కెనడాలో జరుగుతుంది, అదీ రెండు మూడు వారాల్లోనే అయిపోతుంది. చాలాసార్లు ఎండాకాలంలోనే తీస్తారు. మంచు అనుకునేది నురగ, కాగితం తునకలు, నేల మీద పరిచిన తెల్లటి గుడ్డ. ప్రకటనలతో కలిపి రెండు గంటల సమయం ఇస్తారు, ప్రకటనలు తీసేస్తే సినిమా గంటన్నర లోపే. ప్రకటన వచ్చేముందల్లా చూసేవాళ్లు చానల్ మార్చకుండా చిన్న చిక్కు ఒకటి పెడతారు. మనం ప్రకటనలు లేకుండా చూసేటప్పుడు కథ ఆగి ఆగి నడిచినట్టు అనిపించేది అందుకే.

ఇది తెలిస్తే సగం విమర్శలు పక్కన పెట్టేయొచ్చు. మంచు నకిలీదన్నవాళ్లు, చెట్లకు పచ్చటి ఆకులున్నాయన్నవాళ్లు, నటులు మాట్లాడుతుంటే నోట్లోంచి ఆవిరి రావట్లేదన్నవాళ్లు, చేతిలో కాఫీ కప్పు ఖాళీదని కనిపెట్టినవాళ్లు చెప్పేది నిజమే. కానీ అది ఆ సినిమా ఒక్కదాని సంగతి కాదు. మా హాల్లో కూడా ప్రతిసారీ ఎవరో ఒకరు అడుగుతారు: “ఆ పిల్ల గంత మంచుల కోటు గుండీలెందుకు పెట్టుకోదు టీచరమ్మా?” అడిగి, మళ్లీ కథలో పడిపోతారు.

ఇక అంకెల సంగతి. ఒక్కో సైటు లెక్క ఒక్కోతీరు. ఐఎండీబీది పదికి, లెటర్‌బాక్స్‌డ్‌ది ఐదుకు. రాటెన్ టొమాటోస్‌లో 80 శాతం అని ఉంటే పదికి ఎనిమిది మార్కులని కాదు, నూటికి ఎనభైమంది విమర్శకులు బాగుందన్నారని మాత్రమే. ఎంత బాగుందన్నారో ఆ అంకె చెప్పదు. అక్కడ ప్రేక్షకుల శాతమైతే ఐదుకు మూడున్నరా, అంతకంటే ఎక్కువ ఇచ్చినవాళ్ల లెక్క. ఒక సైటు అంకెను ఇంకో సైటు అంకెతో పోల్చొద్దు. ఓట్లు ఎన్ని పడ్డాయో కూడా చూడండి. కొత్తగా వచ్చిన సినిమాకు వంద ఓట్లే ఉంటే అవి ఆ హీరోయిన్ అభిమానులవి కావచ్చు. పదికి పది, పదికి ఒకటి అని రెండు గుట్టలుగా ఓట్లు పడి, మధ్యలో ఖాళీ ఉంటే జనం సినిమా గురించి కాక ఇంకేదో గురించి కొట్లాడుతున్నారని అర్థం.

అంకెకు అందనిది ఇంకోటుంది. 2017 డిసెంబర్‌లో నెట్‌ఫ్లిక్స్ వాళ్లే ట్విట్టర్‌లో ఒక మాట పెట్టారు: ‘ఎ క్రిస్మస్ ప్రిన్స్’ సినిమాను 53 మంది వరసగా 18 రోజులు రోజూ చూశారని. వాళ్లను వెటకారం చేసినట్టుందని అప్పుడు చాలామంది కోప్పడ్డారు కూడా. నాకైతే ఆ 53 మంది మీద గౌరవం. ఇట్లా మళ్లీ మళ్లీ చూసేవాళ్లు అభిప్రాయం రాయడానికి కూర్చోకపోవచ్చు. అందుకే ‘ఏటా పెట్టుకుంటాం’, ‘మా అమ్మతో కలిసి ఇది రెండోసారి’ అని రాసినవాళ్లు కనిపిస్తే వాళ్ల మాటకు ఎక్కువ విలువ ఇవ్వండి.

మొట్టమొదట చదవాల్సినవి మధ్యరకం అభిప్రాయాలు, పదికి ఐదు నుంచి ఏడు ఇచ్చినవి. పది ఇచ్చినవాళ్లు ప్రేమలో ఉంటారు, ఒకటి ఇచ్చినవాళ్లు కోపంలో ఉంటారు. మధ్యలోవాళ్లు నచ్చినదీ చెబుతారు, నచ్చనిదీ చెబుతారు. వాళ్లు రాసినదాంట్లో కూడా ‘సూపర్’, ‘బోరు’ లాంటి మాటలు వదిలేసి ఫలానా సీను, ఫలానా పాత్ర, ఫలానా చోట అని రాసిన ముక్క పట్టుకోండి.

ఎక్కువమంది రాసేది ‘చివర ఏమవుతుందో ముందే తెలిసిపోయింది’ అని. ఈ రకం సినిమాకు అది తప్పే కాదు. చిరుతల రామాయణం చూడ్డానికి రాత్రంతా కూర్చునే జనానికి రావణుడు చస్తాడని తెలియదా? ఇద్దరూ కలుస్తారని, చివర్లో మంచు కురుస్తుండగా ముద్దు పెట్టుకుంటారని తెలిసే టీవీ పెట్టుకుంటారు. కాబట్టి ఆ మాట దాటేసి, దాని పక్కన ఏం రాశారో చూడండి. ‘హీరో ఫోన్‌లో సగం మాట విని అలిగిపోయాడు, ఒక్క నిమిషం అడిగితే తేలిపోయేది’ అని రాస్తే అది పనికొచ్చే సంగతి. అటువంటి తెలివితక్కువ అలకతో ఆఖరి అరగంట లాగిన సినిమాను మా అవ్వలు అస్సలు ఓర్చుకోరు. ‘నోరు లేదా వానికి?’ అని హాల్లోనే అంటారు. ‘ఇద్దరి మధ్య ప్రేమ ఉన్నట్టే లేదు’ అని చాలామంది రాస్తే నమ్మండి. ఒకరిద్దరు రాస్తే వదిలేయండి. ‘పట్నంలో ఉన్న కాబోయే మొగుణ్ని ఊరికే చెడ్డవాడిగా చూపించారు’ అన్నది కూడా చాలా సినిమాల్లో నిజమే, కానీ మా హాల్లో ఇప్పటిదాకా దాని మీద ఎవరూ బాధపడలేదు.

ఇప్పుడు అసలు ముచ్చట. ఒకరికి చిరాకైన సంగతే మనకు కావాల్సినది కావచ్చు. అందుకే తిట్టు చదివినప్పుడల్లా, ఇదే మాట మా హాల్లో కూర్చునేటోళ్లకు తిట్టా, మెప్పా అని మిమ్మల్ని మీరే అడగండి. ‘మళ్లీ అదే కథ, పట్నం పోయిన అమ్మాయి పండుగకు సొంతూరికి తిరిగొచ్చుడు’ అని అమెరికా ప్రేక్షకులు విసుక్కుంటారు. పాలమూరు వాళ్లకు ఆ కథ పాతబడదు. మక్తల్, కోస్గి, నారాయణపేట దిక్కు నుంచి బొంబాయికి, పుణెకు మట్టిపనికి, బిల్డింగ్ పనికి పోయిన కుటుంబాలవాళ్లు మా సమాజంలో మస్తుగున్నారు. పండుగ ముందు రోజుల్లో బొంబాయి బస్సు నిండి వస్తుంది. బిడ్డ వస్తదా, రాదా అని ఎదురుచూసుడు ఏందో వాళ్లకు తెలుసు.

అట్లా ఏరిన సినిమా ఒకటి చెబుతాను. పట్నంలో ఉద్యోగం చేసే కూతురు, తండ్రి నడుపుతున్న బేకరీని అమ్మించాలని ఊరికి వస్తుంది. ప్రేమకథ పక్కింటి వడ్రంగితో. అభిప్రాయాల్లో ఎక్కువమంది ఒకటే నొచ్చుకున్నారు: తండ్రీకూతుళ్ల సంగతే ఎక్కువైంది, ప్రేమ తక్కువైంది అని. అది చదివాకే దాన్ని ఖాయం చేశాను. హాల్లో ఆ సీను వచ్చింది. కూతురు పెట్టె పట్టుకుని గడప ముందు నిలబడుతుంది. తండ్రి తలుపు తీస్తాడు. దగ్గరకు తీసుకోడు, ఒక్క మాట అనడు. వంగి ఆమె చేతిలోని పెట్టె అందుకుంటాడు, అంతే. కోస్గి నుంచి వచ్చిన ఒక పెద్దమ్మ పక్కామెతో అన్నది: “చూడు, నాయిన పెట్టె అందుకున్నడు. మాట రాలే ఆయనకు.” హీరోహీరోయిన్లు కలిసినప్పుడు కూడా అంత సప్పుడు లేకుండా చూడలేదు మావాళ్లు.

చర్చి వాళ్లు, ఇంట్లో పిల్లలున్నవాళ్లు ఇంకో రెండు సంగతులు అభిప్రాయాల్లో వెతకాలె. మొదటిది భక్తి. చాలా సినిమాల్లో చెట్టు ఉంటుంది, దీపాలుంటాయి, బిస్కెట్లు కాల్చుడుంటుంది, యేసు పేరు మాత్రం రాదు. కొందరు ప్రేక్షకులు ఇదే ఫిర్యాదు రాస్తారు. ఇంకొందరు ‘ప్రసంగం ఎక్కువైంది’ అని దీనికి ఎదురుగా రాస్తారు. మీకు ఏది కావాలో దాన్నిబట్టి ఈ రెండు రకాల మాటలూ దారి చూపిస్తాయి. చర్చిలో క్యారల్స్ పాడే సీను ఉందని ఎవరన్నా రాస్తే నేను ఆ పేజీ దాచిపెట్టుకుంటాను. రెండోది, పిల్లల ముందు చూడొచ్చా లేదా. అమెరికాలో టీవీ కార్యక్రమాలకు 1997 నుంచి గుర్తులు పెడుతున్నారు. టీవీ-జీ అంటే అన్ని వయసులవాళ్లూ చూడొచ్చు, టీవీ-పీజీ అంటే పెద్దవాళ్లు ఒక కన్నేసి ఉంచాలె. ఐఎండీబీలో తల్లిదండ్రుల కోసం వేరే భాగం ఉంటుంది. ముద్దులు, తాగుడు, బూతులు వేరువేరుగా రాస్తారు. హాల్‌మార్క్ సినిమాల్లో సాధారణంగా ముద్దు చివర్లోనే ఉంటుంది కానీ వైన్ గ్లాసు తరచుగా కనపడుతుంది. మా దగ్గర అది కూడా చూసుకోవాలె.

భాష గురించి అభిప్రాయాల్లో ఏమీ దొరకదు. యాప్‌లో ఆడియో, సబ్‌టైటిల్స్ ఏ భాషల్లో ఉన్నాయో మీరే చూడాలె. తెలుగు లేకపోతే మాటలు తక్కువగా ఉన్న సినిమా ఏరుకోండి. వేగంగా వాదించుకునే ఆఫీసు సీన్లు ఎక్కువ ఉన్నవి వద్దు. నేను అక్కడక్కడ ఆపి రెండు మాటల్లో తెలుగులో చెబుతాను, అందుకే ముందురోజు ఒక్కదాన్నే మొదటి ఇరవై నిమిషాలు చూసుకుంటాను. ఈ సినిమాల్లో ఇద్దరూ కలిసేది, కలవగానే చిన్న గొడవ పడేది ఆ ఇరవై నిమిషాల్లోనే. ఆ గొడవలో ఇద్దరి మీదా ప్రేమ పుట్టకపోతే అభిప్రాయాలు ఎంత మంచిగున్నా ఆ సినిమా వదిలేస్తాను.

చూసినంక మీరూ రాయండి, తెలుగులోనే రాయండి. తెలుగులో ఈ సినిమాల గురించి వెతికేవాళ్లకు దొరికేది చాలా తక్కువ. రాసేటప్పుడు ముందుగా ఎవరితో కూర్చుని చూశారో చెప్పండి: అత్తమ్మతోనా, పిల్లలతోనా, ఒక్కరేనా. తర్వాత ఒకే ఒక సీను తీసుకుని అందులో ఎవరేం చేశారో ఉన్నదున్నట్టు రాయండి. సబ్‌టైటిల్స్ చదవలేనివాళ్లకు కథ అర్థమైందా, మందు తాగే సీన్లు ఉన్నాయా, ప్రార్థన ఉందా, ఇవి ఒక్కో వాక్యంలో వేయండి. ఆఖరి మలుపు చెప్పాల్సి వస్తే స్పాయిలర్ అనే గడిలో టిక్ పెట్టడం మరువకండి. చూసిన రాత్రే కాకపోయినా, డిసెంబర్ 25కు ముందే పెట్టేయండి. పండుగ దాటినంక రాసినది మళ్లీ అక్టోబర్ వచ్చేదాకా ఎవరి అక్కరకూ రాదు.