పని మీద ఊర్లు తిరిగేటోళ్లు బస్సెక్కే ముందు, ఎక్కినంక చూస్కోవాల్సినయి

విత్తనాల కంపెనీల ఫీల్డ్ పిల్లగాళ్లు, మెడికల్ రెప్‌లు, మిర్యాలగూడ మిల్లుల కలెక్షన్‌కు పోయేటోళ్లు, గద్వాల చీరెల మూటలు పట్టుకొని బెంగళూరు షాపులు తిరిగేటోళ్లు, మన దిక్కు మస్తు మంది నెలల సగం రోజులు రోడ్డు మీదనే ఉంటరు. టికెట్ బుక్ చేసుడు, లాడ్జి చూస్కునుడు అందరికి వచ్చు, ఏమన్న అయితే ఏం చెయ్యాలె అంటే మాత్రం అప్పుడు చూద్దాం తీ అంటరు. అప్పుడు చూస్తానికి టైం ఉండదు.

ఫస్టు నైట్ బస్సు ముచ్చట. 2013 అక్టోబర్‌ల మన కొత్తకోట పక్కన పాలెం కాడ, బెంగళూరు నుంచి హైదరాబాద్ వచ్చే వోల్వో కల్వర్టుకు గుద్దుకొని డీజిల్ ట్యాంక్ పగిలి అంటుకుంది, 45 మంది పోయిన్రు. మళ్ల 2025 అక్టోబర్‌ల కర్నూలు దగ్గర చిన్నటేకూరు కాడ ఒక బైక్ బస్సు కింద ఇరుక్కుంటే ఈడ్చుకపోయి మంటలు లేసినయ్. రెండూ 44 నంబర్ హైవే మీదనే, రెండూ తెల్లారక ముందే, జనం మంచి నిద్రల ఉన్నప్పుడే.

అందుకే బెర్త్ దొరకంగనే ఫోన్ ఛార్జింగ్‌కు పెట్టుడు తర్వాత, ముందుగాల ఎమర్జెన్సీ డోర్ ఏ దిక్కుందో చూడుండ్రి, మన బెర్త్ కాడికెళ్లి అక్కడికి ఎన్ని బెర్తులు దాటాలెనో చేత్తో ముట్టుకుంట లెక్కపెట్టుండ్రి, ఎందుకంటే పొగ కమ్మితే కండ్లకు ఏం కనపడది, చెయ్యే దారి చూపాలె. తర్వాత అద్దం పగలగొట్టే సుత్తె. చాన బస్సులల్ల కొక్కెం ఉంటది, సుత్తె ఉండదు! క్లీనర్‌ను అడగుండ్రి, "ఏందన్నా గింత భయమా" అని నవ్వుతడు, నవ్వనీ. అద్దాన్ని నడిమిట్ల కొట్టొద్దు, మూలకు కొట్టాలె, అప్పుడే జల్ది పలుగుతది. ఏసీ బస్సుల మెయిన్ డోర్ గాలితోని తెరుసుకుంటది, కరెంట్ పోతే స్విచ్ పనిచెయ్యకపోవచ్చు, చేత్తో తెరిచే వాల్వ్ ఏడుందో గూడ అప్పుడే అడిగి పెట్టుకోండ్రి. పొగ పైకి లేస్తది కాబట్టి పై బెర్త్‌ల ఉన్నోళ్లు ముందుగాల కిందికి దిగి వొంగి నడవాలె. చెప్పులు దుప్పటి పక్కనే ఉంచుకోండ్రి, కింద పగిలిన అద్దాలుంటయ్. ల్యాప్‌టాప్, శాంపిల్ డబ్బాల కోసం మాత్రం వెనక్కి తిరగొద్దు, అవి కంపెనీయి, మళ్ల ఇస్తరు.

ఒక చిన్న పర్సు నడుముకే ఉండాలె, పండుకున్నా తీయొద్దు. బీపీ షుగర్ గోలీలు, కొన్ని చిల్లర నోట్లు, కంపెనీ ఇన్సూరెన్స్ కార్డు జిరాక్స్, బ్లడ్ గ్రూపు, ఇంటోళ్ల నంబర్లు కాయితం మీద పెన్నుతోని రాసి పెట్టుండ్రి. ఇప్పుడు సొంత పెండ్లాం నంబర్ గూడ ఎవ్వనికి యాదికి లేదు, ఫోన్ పోతే అయిపాయె. ఫోన్ సెట్టింగ్స్‌ల ఎమర్జెన్సీ సమాచారం అని ఉంటది, అది నింపితే లాక్ తీయకున్నా వేరేటోళ్లు మన బ్లడ్ గ్రూపు, ఇంటి నంబర్ చూడొచ్చు.

నంబర్లు: అన్నిటికి 112, అంబులెన్స్‌కు 108, నేషనల్ హైవే మీద బండి ఆగినా యాక్సిడెంట్ అయినా 1033. మన సిమ్‌కు సిగ్నల్ లేకున్నా వేరే కంపెనీ టవర్ అందితే 112 కలుస్తది. ఫోన్‌ల "జడ్చర్ల దాటినంక ఒక దాబా ఉంటది" అని చెప్తే వాళ్లకు ఏం సమజ్ కాదు, కిలోమీటర్ రాయి మీద నంబర్ చెప్పుండ్రి, హైదరాబాద్ పోయే సైడా కర్నూలు పోయే సైడా అన్నది గూడ చెప్పుండ్రి, డివైడర్ ఉన్న రోడ్డు మీద తప్పు దిక్కు వస్తే యూ టర్న్ దొరికేదాక ఎంత టైం పోతదో మీకే తెలుసు. యాక్సిడెంట్ అయినోళ్లను దవాఖాన్ల చేర్పిస్తే పోలీసోళ్లు మన పేరు చెప్పమని బలవంతం చెయ్యొద్దని చట్టంలనే ఉంది, భయపడొద్దు. 2025 మే నుంచి యాక్సిడెంట్ అయినోళ్లకు 7 రోజుల దాక లక్షన్నర వరకు క్యాష్‌లెస్ ట్రీట్‌మెంట్ స్కీం గూడ ఉంది, ఆ స్కీంల ఉన్న దవాఖానేనా అని అడగుండ్రి.

సొంత కారు ఆగిపోతే పార్కింగ్ లైట్లేసి అందరు దిగి రెయిలింగ్ అవతలికి పోవాలె. కారు ఎనక నిలబడి ఫోన్ మాట్లాడొద్దు.

అచ్చంపేట మీదికెళ్లి శ్రీశైలం దిక్కు పోయేటోళ్లు మన్ననూరు చెక్‌పోస్ట్ రాత్రి 9కి మూస్తరని, పొద్దున 6కే తీస్తరని యాదిల పెట్టుకోండ్రి. అడివిల చాన దూరం సిగ్నల్ రాదు, ఎన్నింటికి అవతల తేలుతరో ముందే ఇంటికి చెప్పి పోవాలె, పెట్రోల్ అచ్చంపేటలనే పోయించుకోవాలె. వానకాలం అయితే అసలు పోవాల్నా అని గూడ ఆలోచించుండ్రి. 2024 సెప్టెంబర్ 1న కోదాడ అవతల విజయవాడ హైవేనే నీళ్లల్ల మునిగి బండ్లన్ని ఆగిపోయినయ్, ఇగ పల్లె రోడ్ల మీద కల్వర్టులు ఎంత? వాగు రోడ్డెక్కి పారుతుంటే లోతు లేదులే అని దిగొద్దు, కింద రోడ్డు కోసుకపోయిందో ఏమో పై నుంచి తెల్వది. అసొంటప్పుడు పోవాల్సిన మీటింగ్ ఉంటే ఫోన్‌లనే పెట్టుకోండ్రి.

కలెక్షన్ పైసలు క్యాష్ పట్కొని రాత్రి తిరగొద్దు, డీలర్‌ను ఆర్టీజీఎస్ చెయ్యమనుండ్రి, లేకుంటే అదే ఊర్ల బ్యాంకుల కట్టి రాండ్రి. ఫోన్ పోతే ముందు సిమ్ బ్లాక్, తర్వాత బ్యాంకుకు ఫోన్ చేసి యూపీఐ బంద్, పైసలు గిన కట్ అయితే వెంటనే సైబర్ క్రైమ్ నంబర్ 1930కి కొట్టుండ్రి, ఎంత లేట్ అయితే అంత కష్టం. పోలీస్ కంప్లయింట్ ఇచ్చి సర్కారు వెబ్‌సైట్ సంచార్ సాథీల ఫోన్ బ్లాక్ చెయ్యొచ్చు గాని దానికి ఐఎంఈఐ నంబర్, అంటే ప్రతి ఫోన్‌కు వేరేగ ఉండే నంబర్, కావాలె, ఇప్పుడే స్టార్ హ్యాష్ 06 హ్యాష్ కొట్టి వచ్చిన నంబర్‌ను ఇంట్ల డైరీల రాసి పెట్టుండ్రి.