వేసవిలో కొత్త వైన్: నెల్లూరు దాకా తేవడం, దాచడం, చేపల పులుసు పక్కన పెట్టడం

కొత్తగా విడుదలయ్యే తెల్ల వైన్లు, రోజే (లేత గులాబీ రంగు) వైన్లు వాటిని తయారుచేసే వైనరీ గేటు దాటేదాకా చల్లగానే ఉంటాయి. పాడయ్యేది ఆ తర్వాతే. కారు డిక్కీలో, వంటింటి అటక మీద, ఇనప బీరువాలో. కాబట్టి ఏ సీసా కొనాలన్న దానికంటే ముందు, తెచ్చాక ఎక్కడ పెట్టాలో తేల్చుకోండి. మన రాష్ట్రంలో మద్యం కొనడానికి 21 ఏళ్లు నిండాలి. పక్క రాష్ట్రం నుంచి తెచ్చేట్టయితే ఎన్ని సీసాలకు అనుమతి ఉందో ఎక్సైజ్ నిబంధన ముందే కనుక్కోండి, బిల్లు దగ్గర పెట్టుకోండి.

లేబుల్ మీది సంవత్సరం ద్రాక్ష కోసిన సంవత్సరం. ఇక్కడే చాలామంది పొరబడతారు. యూరప్‌లో కోత ఆగస్టు నుంచి అక్టోబరు దాకా సాగుతుంది. ఆ పంట తెల్ల వైన్లు, రోజేలు స్టీలు ట్యాంకుల్లో కొన్ని నెలలుండి మరుసటి వసంతానికి బయటికొస్తాయి. మన దక్కన్‌లో, అంటే నాసిక్ లాంటి చోట్ల, తీగను ఏడాదికి రెండుసార్లు కత్తిరిస్తారు. వేసవి మొదట్లో ఒకసారి, సెప్టెంబరు–అక్టోబరులో మరోసారి. పంట వచ్చేది ఆ రెండో కత్తిరింపు మీదే, కోత దాదాపుగా జనవరి–మార్చి మధ్య. అంటే ఉగాదికి మీ చేతికొచ్చిన రెండు సీసాల మీదా పోయిన ఏడాదే ఉన్నా, నాసిక్ వైన్ యూరప్ వైన్ కన్నా ఆరేడు నెలలు పెద్దది. ఓక్ చెక్క పీపాలో పెట్టని తెల్ల వైన్, రోజే కోసిన రెండేళ్లలోపు తాగేయడం మంచిది. ఇవి దాచుకునే సరుకు కాదు.

కుటుంబాలు నడిపే చిన్న వైనరీలో ఉన్న లాభం, అడిగితే చెప్పేవాళ్లు ఎదురుగా ఉంటారు. హంపి కొండల దగ్గర చిగురుపాటి కృష్ణప్రసాద్, ఉమ దంపతుల కృష్మా ఎస్టేట్స్ మన తెలుగువాళ్లదే. ఎక్కడికెళ్లినా మూడు ప్రశ్నలు అడగండి. సీసాలో ఎప్పుడు నింపారు? ద్రాక్షరసం పులిశాక మిగిలిన చక్కెర లీటరుకు ఎన్ని గ్రాములు? ఆల్కహాల్ ఎంత శాతం? నింపి నెల కూడా కాకపోతే రుచి మూగబోయినట్టుంటుంది. అది లోపం కాదు, మూడు నాలుగు వారాలు చల్లటి చోట కదపకుండా ఉంచితే తేరుకుంటుంది. కార్క్ కన్నా స్క్రూ మూత ఉన్న సీసానే తీసుకోండి. మన వేడికి లోపలి వైన్ వ్యాకోచించి కార్క్‌ను పైకి నెడుతుంది, ఆ సందులోంచి గాలి దూరుతుంది.

బెంగళూరు వైపు నుంచి నెల్లూరుకో ఒంగోలుకో కారులో తెచ్చేటప్పుడు రాత్రి ప్రయాణం పెట్టుకోండి. మూత గట్టిగా పట్టే థర్మోకోల్ పెట్టె కొత్తది కొనండి. రొయ్యలు రవాణా చేసిన పాతది వద్దు, ఆ నీచు అట్టలకూ లేబుళ్లకూ పడుతుంది. ఆరు సీసాలకు గడ్డకట్టించిన లీటరు నీళ్ల బాటిళ్లు రెండు చాలు. వాటిని వార్తాపత్రికలో చుట్టి, వైన్ సీసాలకు నేరుగా తగలకుండా సర్దండి. పెట్టె డిక్కీలో కాక ఏసీ తగిలేలా వెనక సీటు ముందు, కాళ్లు పెట్టుకునే చోట ఉండాలి. టిఫిన్‌కి ఆగినప్పుడు కారు ఎండలో వదలొద్దు. ఏప్రిల్ ఎండలో మూసిన కారు లోపల 50 డిగ్రీలు దాటడానికి గంట పట్టదు.

ఇంట్లో 12–14 డిగ్రీల వైన్ ఫ్రిజ్ ఉంటే సరే. లేకపోతే మామూలు ఫ్రిజ్‌లో కింది అర. రెండు మూడు నెలలు నిక్షేపంగా ఉంటుంది. కార్క్ సీసాను పడుకోబెట్టాలి, స్క్రూ మూతను ఎలా పెట్టినా ఒకటే. రోళ్లు పగిలే రోహిణి కార్తెలో పడమటి గోడ వైపు గదిలో వారం ఉంచినా వైన్ దెబ్బతింటుంది. దెబ్బతిన్నదాన్ని ఇలా గుర్తుపట్టండి: మెడ దగ్గర జిగురు, కార్క్ ఉబ్బడం, తెల్ల వైన్ గోధుమరంగుకు తిరగడం, ఉడికిన కిస్మిస్ వాసన. బుడగలు రాకూడని వైన్లో సన్నగా చురచురమంటూ బుడగలొస్తే, మిగిలిన చక్కెర మీద ఈస్ట్ (రసాన్ని పులియబెట్టే సూక్ష్మజీవి) మళ్లీ పనిచేసి ఉండొచ్చు. కొన్ని రకాల్లో కావాలనే కాస్త గ్యాస్ ఉంచుతారు కాబట్టి లేబుల్ చూసి నిర్ణయించండి.

ఫ్రిజ్‌లో ఉన్న సీసా అడుగున మెరిసే పలుకులు కనిపిస్తే భయపడి పారబోయొద్దు. అవి టార్టారిక్ ఆమ్లం నుంచి చలికి విడివడిన లవణం. మన చింతపండు పులుపూ ప్రధానంగా ఆ ఆమ్లానిదే. సీసా నిలబెట్టి, అడుగు కదలకుండా వంచుకుంటే చాలు.

ఈ చింతపండు సంగతే పులుసుతో వైన్ ఎంచుకోవడానికి ఆధారం. కూర పులుపు వైన్ పులుపు కన్నా ఎక్కువైతే వైన్ నీళ్లలా చప్పబడుతుంది. కారం ఎక్కువైతే ఆల్కహాల్ ఆ మంటను ఇంకా రేపుతుంది. ఎర్ర వైన్ వగరు దానికి తోడవుతుంది, పైగా అందులో ఇనుము ఎక్కువుంటే చేప నీచు పైకి తేలుతుంది. కాబట్టి మామిడికాయ ముక్కలేసిన నెల్లూరు చేపల పులుసుకు, బొమ్మిడాయిల పులుసుకు కావలసింది పులుపు గట్టిగా ఉండి, లీటరుకు 10–20 గ్రాముల చక్కెర మిగిలి, ఆల్కహాల్ 12 శాతం మించని తెల్ల వైన్. చెనిన్ బ్లాంక్, రీస్లింగ్ అనే ద్రాక్ష రకాల వైన్లలో ఇలాంటివి దొరుకుతాయి. పులుసు పొగలు కక్కుతుండగా వడ్డించొద్దు, వేడి కారాన్ని పెంచుతుంది. రాత్రి వండి మర్నాడు గోరువెచ్చగా తింటే వైన్‌కూ మేలే. రొయ్యల వేపుడుకు పులుపు తక్కువ, ఉప్పూ మసాలా ఎక్కువ. దానికి సావిన్యాన్ బ్లాంక్ ద్రాక్షతో చేసిన తీపి లేని తెల్ల వైన్ గానీ రోజే గానీ బాగుంటుంది. మలై కాజా పక్కన తీపి లేని వైన్ పెడితే అది పుల్లగా, చేదుగా తగులుతుంది. మిఠాయి కన్నా వైన్ తియ్యగా ఉండాలి, ఆలస్యంగా కోసిన ద్రాక్షతో చేసినది అడగండి.

తాగే వేడిమి తెల్ల వైన్‌కు 8–10 డిగ్రీలు, రోజేకు 10–12, తేలిక ఎర్ర వైన్‌కు 14–16. గది వేడిలో ఉన్న సీసాకు ఫ్రిజ్‌లో మూడు గంటలు పడుతుంది. తొందరైతే బకెట్లో సగం ఐసు, సగం నీళ్లు, గుప్పెడు కల్లుప్పు వేసి మెడదాకా ముంచితే 20 నిమిషాల్లో సిద్ధం. ఒట్టి ఐసు ముక్కల మధ్య గాలి నిలుస్తుంది, అందుకే నీళ్లు తప్పనిసరి. డీప్ ఫ్రీజర్లో పెట్టి మరిచిపోతే సీసా పగులుతుంది. బుడగల వైన్ లోపల మామూలు గాలి ఒత్తిడికి ఐదారు రెట్లు ఒత్తిడి ఉంటుంది, బాగా చల్లబడకుండా తీయొద్దు. కార్క్‌ను బొటనవేలితో అదిమిపట్టి, సీసాను మెల్లగా తిప్పండి.

ఫ్యాను కింద గ్లాసు పది నిమిషాల్లో వేడెక్కుతుంది. 80 మిల్లీలీటర్ల చొప్పున పోసి, సీసాను మళ్లీ బకెట్లో పెట్టండి. మిగిలినది చిన్న సీసాలో మెడదాకా నింపి మూత బిగించి ఫ్రిజ్‌లో ఉంచితే మూడు నాలుగు రోజులు రుచి నిలుస్తుంది.