స్టెంట్ వేశాక నడక మొదలుపెట్టడం ఎలా: బెజవాడ ఎండలకీ, కొండ మీద ఇళ్లకీ తగ్గట్టు

గుండె రక్తనాళం మూసుకుపోకుండా స్టెంట్ (చిన్న జాలీ గొట్టం) వేసి ఇంటికి పంపేటప్పుడు ఇచ్చే డిశ్చార్జి కాగితంలో 'రోజూ నడవండి' అని ఒక్క ముక్క రాసి ఉంటుంది. ఎంతసేపు, ఎంత వేగంగా అన్నది ఉండదు. దాంతో కొందరు భయపడి మంచం దిగరు, ఇంకొందరు నాలుగో రోజే స్టేడియం చుట్టూ రౌండ్లు కొడతారు. రెండూ పనికిరావు.

మొదలుపెట్టే ముందు ఎకో (గుండె స్కానింగ్) రిపోర్టులో గుండె పంపింగ్ ఎంత శాతమో చూసుకోండి. 40 కంటే తక్కువున్నా, నడిస్తే ఛాతీ ఇంకా పట్టేస్తున్నా సొంత వైద్యం వద్దు. మానిటర్ పెట్టి ఫిజియోథెరపిస్టు దగ్గరుండి నడిపించాలి. బైపాస్ అయినవాళ్ల లెక్క కూడా వేరు, ఛాతీ ఎముక అతుక్కోవాలి కాబట్టి.

మిగతావాళ్లు డాక్టరు సరేనన్నాక మొదటి వారం ఇంట్లోనే, చదునైన చోట 5 నిమిషాల చొప్పున రోజుకు మూడుసార్లు నడవండి. ఆ తర్వాత రోజుకో నిమిషం కలపండి. నాలుగైదు వారాలకు ఒకే విడతలో 30 నిమిషాలు, వారానికి ఐదు రోజులు నడవగలిగితే చాలు. ఏ రోజైనా నడిచొచ్చాక గంటసేపటికీ ఆయాసం, నీరసం తగ్గకపోతే మర్నాడు పెంచకండి, రెండు రోజులు వెనక్కి వెళ్లండి.

వేగానికి కొలత మాటే. నడుస్తూ పక్కవాళ్లతో మాట్లాడగలగాలి, పాట మాత్రం పాడలేకపోవాలి. వాచీలో కనిపించే నాడి అంకెని నమ్ముకోకండి. మెటోప్రొలాల్ లాంటి మాత్రలు నాడిని పెరగనివ్వవు, అంకె 95 దగ్గరే ఆగినా గుండె మీద శ్రమ ఎక్కువే పడుతుండొచ్చు.

నడక సమయం పెరిగాక మొదటి 5 నిమిషాలు, చివరి 5 నిమిషాలు మెల్లగా నడవాలి. చివరివి చాలామంది ఎగ్గొడతారు. వేగంగా నడిచి గభాల్న ఆగితే రక్తం కాళ్లలోనే నిలిచిపోయి బీపీ పడిపోతుంది, కళ్లు తిరిగేది అప్పుడే.

ఇక ఎండ. మే నెలలో 40 డిగ్రీలు దాటే ఊళ్లో సాయంత్రం ఆరున్నరకి కూడా కొండరాళ్లు వేడి కక్కుతూనే ఉంటాయి. పొద్దున్నే ఆరింటికల్లా బయల్దేరండి. బీపీ మాత్రలకు తోడు ఒంట్లో నీరు తీసే మాత్ర కూడా వేసుకునేవాళ్లకి చెమటతో బీపీ ఇంకా దిగుతుంది. లేచి నిలబడితే తూలుతున్నట్టుంటే డోసు గురించి డాక్టర్ని అడగండి, మీరే ఆపేయకండి. ముఖ్యంగా రక్తం పలచబడే రెండు మాత్రలు. పన్ను పీకించుకోవాలనో, చేతి మీద నల్లమచ్చ పడిందనో మానేస్తే కొత్త స్టెంట్‌లోనే గడ్డ కట్టే ప్రమాదముంది.

గుణదల, మొగల్రాజపురం, వన్ టౌన్ కొండవాలు ఇళ్లవాళ్లకి నడక కిందకి దిగడంతో మొదలై మెట్లెక్కడంతో ముగుస్తుంది, అసలు కష్టం ఆ ముగింపులోనే ఉంది. మొదటి రెండు వారాలు ఆసుపత్రి పనికి తప్ప దిగకండి. దిగాల్సొస్తే తిరిగి ఎక్కేటప్పుడు పది మెట్లకోసారి అర నిమిషం ఆగండి, ఊపిరి బిగపట్టకండి. ఆ రోజుకి మెట్లే వ్యాయామం, విడిగా నడక వద్దు. టిఫిన్ తిన్న గంటన్నర దాకా ఎక్కొద్దు. నీళ్ల టిన్ను వేరేవాళ్లు మోస్తారు, మొహమాటపడకండి.

తిండిలో ఒక్కటే చెప్తాం: ఉప్పు రోజంతా కలిపి 5 గ్రాములు, అంటే కుప్పగా కాకుండా సమంగా నింపిన ఒక టీస్పూను. కూరలో తగ్గించి ఆవకాయ వేసుకుంటే లాభం లేదు. బజార్లో దొరికే తక్కువ సోడియం ఉప్పులో పొటాషియం ఉంటుంది. రామిప్రిల్, టెల్మిసార్టాన్ లాంటి బీపీ మాత్రలు కూడా ఒంట్లో పొటాషియం పెంచుతాయి, అవి వాడేవాళ్లు డాక్టర్ని అడక్కుండా కొనొద్దు.

నడుస్తుండగా ఛాతీ పట్టేసినా, దవడకో ఎడమ చేతికో నొప్పి పాకినా ఆగి కూర్చోండి. 'గ్యాస్ అయ్యుంటుంది' అని సోడా తాగుతూ పోగొట్టుకునే టైమే ప్రాణం మీదకి తెస్తుంది. డాక్టరు రాసిచ్చి ఉంటే సార్బిట్రేట్ (రక్తనాళాలు వదులు చేసి ఛాతీ నొప్పి తగ్గించే మాత్ర) 5 మి.గ్రా. నాలుక కింద పెట్టుకోండి, కూర్చునే. నిలబడి వేసుకుంటే బీపీ దిగి పడిపోతారు. అంగస్తంభనకి వాడే సిల్డెనాఫిల్ వేసుకుని 24 గంటలు, టడలాఫిల్ అయితే 48 గంటలు కాకపోతే సార్బిట్రేట్ అసలు వద్దు. 5 నిమిషాల్లో తగ్గకపోతే 108కి ఫోన్ చేయండి. కొండ మీద ఇల్లయితే అంబులెన్సు ఏ సందు దాకా వస్తుందో, అక్కడి దాకా చేతుల కుర్చీలో కూర్చోబెట్టి దింపే మనుషులెవరో ఈ వారమే మాట్లాడిపెట్టుకోండి. నొప్పితో ఉన్న మనిషి ఆ మెట్లు నడిచి దిగకూడదు.